గోధుమ ముద్దకు మన కొండ మసాలా

పాడేరు కొండ దిగితే మాడుగుల. అక్కడి హల్వాను గోధుమ పాలతో చేస్తారు. పిండిలోంచి ఆ పాలు కడిగి తీసేస్తే సాగే జిగురు మిగులుతుంది. అందులో ఎక్కువగా ఉండేవి మాంసకృత్తులే. దాన్ని ఉడికించి కూర చేస్తే సీతాన్ అంటారు. చైనాలో బౌద్ధ సన్యాసులు మాంసానికి బదులు దీన్నే ఏనాటి నుంచో తింటున్నారు. కోడి కొనలేని వారం మనకూ పనికొస్తుంది.

దీనికి సొంత రుచి లేదు. పైపైన కారం చల్లితే లోపలికి పట్టదు, రబ్బరు నమిలినట్టుంటుంది. రుచిని మూడు విడతలుగా ఎక్కించాలి. గోధుమ మన పంట కాదు, పిండి కొనక తప్పదు. అల్లం, పసుపు, మిరియాలు, పిప్పళ్లు మాత్రం మన కొండల్లోవే. కాఫీ తోటలో దిగిన మిరియాలన్నీ సంతకు వేసేయకుండా ఇంటికి కొన్ని ఉంచుకోండి.

ముద్ద తీయడం: అరకిలో మైదాను గట్టిగా కలిపి గంటసేపు నీళ్లలో ఉంచాలి. తర్వాత నీళ్లు మారుస్తూ, తెల్లదనం బాగా తగ్గేదాకా పిసికి కడగాలి. సుమారు 150 గ్రాముల జిగురు వస్తుంది. కడిగిన నీళ్లు పారబోయొద్దు. తేరనిస్తే అడుగున దిగే పిండితో వడియాలు పెట్టుకోవచ్చు.

మొదటి విడత: జిగురును చీల్చి, దంచిన మిరియాలు అర చెంచా, చిటికెడు పసుపు, కాస్త ఉప్పు వేసి మడతపెట్టి పిసకాలి. ఉప్పు ముందే పిండిలో కలిపితే కడుగుడులో పోతుంది.

రెండో విడత: లీటరు నీళ్లలో చెంచాన్నర ఉప్పు, దంచిన అల్లం, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, రెండు పిప్పళ్లు, కొంచెం చింతపండు వేసి మరిగించాలి. ముక్కలు వేశాక సెగ తగ్గించాలి. తెర్లితే స్పాంజిలా ఉబ్బుతాయి. ముప్పావుగంట ఉడికించి, ఆ నీళ్లలోనే చల్లారనివ్వాలి. రుచి బాగా పట్టేది అప్పుడే.

మూడో విడత: ఉల్లి, పచ్చిమిర్చి తాలింపులో ముక్కల్ని ఎర్రగా వేయించి, దించేముందు వేయించిన వలిసెల పొడి చల్లాలి.

జాగ్రత్తలు: గోధుమ మాంసకృత్తుల్లో లైసిన్ తక్కువ. రాజ్‌మాలో అది బాగా ఉంటుంది. అందుకే పిల్లలకు రెండూ కలిపి పెట్టండి. రాజ్‌మాను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మెత్తబడేదాకా బాగా మరిగించాలి. సరిగ్గా ఉడక్కపోతే వాంతులవుతాయి. గోధుమ పడనివాళ్లు ఈ ముద్ద అసలు తినకూడదు.

మొదట పావుకిలో పిండితో చేసి చూడండి. ఉప్పు, ఘాటు మీ ఇంట్లోవాళ్ల నోటికి కుదిరాక ఎక్కువ చేసుకోవచ్చు.