ఓరుగల్లుకు సముద్రద్వారం

మడికొండ సముద్రానికి బహుదూరంలో ఉన్న ఊరు. కాజీపేటకు చేరువలో, మెట్టుగుట్టపై శివాలయంతో విలసిల్లే ఈ ఊరు కాళోజీ నారాయణరావు పెరిగిన ఊరుగా, వానమామలై వరదాచార్యులు జన్మించిన ఊరుగా సాహితీలోకానికి సుపరిచితం. ఇక్కడివారికి చెరువు అలలే తప్ప కడలి అలలు తెలియవు. అయినా ఈ నేలను ఏలిన కాకతీయులకు ఒక సముద్రద్వారం ఉండేది. దాని పేరు మోటుపల్లి. ఓరుగల్లు కోటను చూచినవారు మోటుపల్లిని కూడా చూచినప్పుడే కాకతీయుల చరిత్ర సంపూర్ణంగా బోధపడుతుంది.

కాజీపేటలో రైలెక్కి, విజయవాడ, తెనాలి, బాపట్ల, చీరాలల మీదుగా సుమారు 300 కిలోమీటర్లు ప్రయాణిస్తే వేటపాలెం వస్తుంది. తుప్పలు, రాతిగుట్టలు, జొన్నచేలు క్రమంగా వెనుకబడి వరిపొలాలు, ఆపై ఇసుకనేలలు, తాడితోపులు కనిపిస్తాయి. చీరాల దాటుతున్నప్పుడు 1921 నాటి చీరాల-పేరాల ఉద్యమం గుర్తుకు రాక మానదు. పురపాలక సంఘపు పన్నుల భారాన్ని నిరసిస్తూ, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ప్రజలు ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగర్ పేరిట పాకలు వేసుకొని నెలల తరబడి నివసించారు.

వేటపాలెం చిన్న ఊరు. చేనేత మగ్గాలు, జీడిపప్పు కొట్లు దాని జీవనాధారాలు. గింజను పగులగొట్టి పప్పు తీసే పనిలో అధికులు స్త్రీలే. జీడి రసం చర్మాన్ని కాలుస్తుంది గనుక చేతులకు బూడిద రాసుకొని పని చేయడం వారికి పూర్వం నుండీ ఉన్న అలవాటు. అంగడిలో తెల్లగా మెరిసే పప్పును చూచేవారికి ఆ చేతులు కనిపించవు. ఇంత చిన్న ఊరిలో 1918లో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం వెలసింది. దాని భవనానికి 1929లో మహాత్మాగాంధీ శంకుస్థాపన చేశారు. ఆనాడు ఆయన విడిచి వెళ్ళిన చేతికర్రను అక్కడ భద్రపరచారు. పాత పత్రికల సంపుటాలకు ఈ గ్రంథాలయం పెట్టింది పేరు. వాటిని పరిశీలించడానికి దూరప్రాంతాల నుండి పరిశోధకులు వస్తుంటారు. పెద్ద నగరాలు పోగొట్టుకొన్నదానిని ఒక పల్లె దాచిపెట్టడం అరుదైన విషయమే.

వేటపాలేనికి దక్షిణంగా చినగంజాం. ఇక్కడ మడులు వరి కోసం కాదు, ఉప్పు కోసం. చదును చేసి గట్టిపరచిన మడులలో ఉప్పునీరు నింపుతారు. ఎండకు నీరు ఇగిరి అడుగున ఉప్పు పేరుకొంటుంది. దానిని కర్రపలకలతో గట్టుకు లాగి, కుప్పలు పోసి, తాటాకులు కప్పుతారు. వరి రైతు వాన కోసం ఎదురు చూస్తాడు. ఉప్పు రైతు వాన రాకూడదని కోరుకొంటాడు. ఒక్క అకాలవర్షం వారాల శ్రమను నీళ్ళపాలు చేస్తుంది.

చినగంజాం మండలంలోనే మోటుపల్లి ఉంది. 2022 నుండి ఈ ప్రాంతం బాపట్ల జిల్లాలో చేరింది. నేడు అది ప్రశాంతమైన పల్లె. ఒకనాటి రేవు వైభవం బయటి చూపుకు అందదు. దానిని తెలుసుకోవాలంటే వీరభద్రస్వామి ఆలయానికి వెళ్ళాలి. అక్కడి స్తంభంపై గణపతిదేవ చక్రవర్తి 1244-45లో వేయించిన అభయశాసనం ఉంది.

ఆ కాలంలో సముద్ర వర్తకుడికి రెండు భయాలుండేవి. మొదటిది తుఫాను. రెండవది తుఫాను నుండి బయటపడిన తరువాత ఎదురయ్యేది. ఓడ దారి తప్పి ఏ రాజు తీరానికి కొట్టుకొని వస్తే ఆ రాజు అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సమస్తం స్వాధీనం చేసుకొనేవాడు. ప్రాణం కంటే ధనాన్నే మిన్నగా భావించి సాహసించి సముద్రం మీద తిరిగే వర్తకులను చూచి జాలిపడి, ఇకపై నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని గణపతిదేవుడు ప్రకటించాడు. ఎగుమతి, దిగుమతులపై సుంకం ముప్పైవ వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, మిరియాలు మొదలైన వాటి సుంకాలను కూడా ఆ శాసనం పేర్కొన్నది.

ఇది కేవలం దయ మాత్రమే కాదు. అశ్వదళానికి మేలుజాతి గుర్రాలు పడమటి దేశాల నుండి సముద్రం మీదనే రావాలి. భయపడిన ఓడలు మరో రాజు రేవుకు తరలిపోతే నష్టం ఓరుగల్లుకే. అయినా సుంకం ఇంత అని రాతిపై చెక్కించడమంటే తన అధికారులనూ, తన తరువాతివారినీ కూడా ఆ మాటకు కట్టివేయడమే. దయను, రాజనీతిని ఇంత చక్కగా కలిపిన శాసనాలు తెలుగునాట బహు కొద్ది.

వెనిస్ యాత్రికుడు మార్కోపోలో ఈ రాజ్యాన్ని 'ముత్ఫిలి' అన్నాడు. రేవు పేరే రాజ్యానికి పేరయిందన్నమాట. ఇక్కడి వజ్రాలను, సాలెపురుగు దారాల వంటి సన్నని వస్త్రాలను, న్యాయంగా పాలించిన రాణిని ఆయన ప్రశంసించాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారుల అభిప్రాయం. ఆమె గణపతిదేవుని కుమార్తె కాగా, మరణించిన రాజుకు భార్య అని ఆయన పొరపడ్డాడు. కాకతీయుల అనంతరం రెడ్డిరాజులు కూడా ఈ రేవును ఆదరించారు. 1358లో అనపోతారెడ్డి వర్తకులకు రాయితీలిస్తూ ఇక్కడే శాసనం వేయించాడు. తరువాత క్రమంగా వర్తకం ఇతర రేవులకు మళ్ళింది.

ఓడలు పోయినా తుఫానులు పోలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. వాడరేవు, రామాపురం వంటి పల్లెల మత్స్యకారులకు హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ పడవలను ఒడ్డుకు లాగి, వలలను ఇండ్లకు చేర్చడం తప్పదు. ఆ రోజులలో వేట లేదు, ఆదాయమూ లేదు. ఇదిగాక చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మర పడవలపై చేపలవేటను నిషేధిస్తున్నారు. ఆ 61 రోజులూ తీరం వెంట పడవలు బోర్లించి ఉంటాయి. నీడపట్టున కూర్చొని వలల చిరుగులు అల్లుకొంటూ, పడవలకు రంగులు వేసుకొంటూ, మత్స్యకారులు జూన్ 15 వేకువ కోసం ఎదురు చూస్తుంటారు.