ఇంగ్లండ్‌లో ఇల్లు కొంటున్నారా? సొలిసిటర్‌తో వ్యవహారం ఇలా

మన ఊళ్లలో రిజిస్ట్రేషన్ అంటే అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, సాక్షులు అంతా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి, ఫొటో దిగి, వేలిముద్ర వేసి రావాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆ తతంగం లేదు. అమ్మినాయన మొహం చూడకుండానే ఇల్లు కొనేయొచ్చు. మీ సొలిసిటర్ (ఈ పని చూసే లాయర్), వాళ్ల సొలిసిటర్ కాగితాల మీదే పని నడిపిస్తారు. స్కాట్లండ్ పద్ధతి వేరు. ఇంగ్లండ్‌లో మన పిల్లలు ఇళ్లు కొంటుంటే ఏళ్ల తరబడి పక్కన కూర్చుని చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను: సొలిసిటర్‌కి తెలిసేది తన ముందుకొచ్చిన కాగితమే. ఆ ఇంటి సంగతి, మీ డబ్బు సంగతి మీరు చెబితేనే తెలుస్తుంది.

1. ఆఫర్ పెట్టకముందే మనిషిని చూసుకోండి

ఆఫర్ ఖాయమైన రోజే ఎస్టేట్ ఏజెంట్ "మాకు తెలిసిన సొలిసిటర్ ఉన్నారు" అంటాడు. అందులో అతనికి కమీషన్ ఉండొచ్చు. ఉంటే చెప్పి తీరాలి, అడగండి. వద్దనే హక్కు మీకుంది. ఈ పనికి సొలిసిటరైనా, ఇళ్ల బదిలీ పనులు చూసే లైసెన్స్‌డ్ కన్వేయన్సరైనా సరిపోతారు. మొదటివాళ్ల పేరు సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ జాబితాలో, రెండోవాళ్ల పేరు కౌన్సిల్ ఫర్ లైసెన్స్‌డ్ కన్వేయన్సర్స్ జాబితాలో ఉండాలి. మీకు లోనిచ్చే బ్యాంకు ఒప్పుకునే సంస్థల జాబితాలో (ప్యానెల్‌లో) ఆ సంస్థ ఉందో లేదో ముందే కనుక్కోండి.

2. కొటేషన్ చివరి గీత దాకా చదవండి

వాళ్ల ఫీజు వేరు, మన తరఫున కట్టే సెర్చ్‌ల ఖర్చు, ల్యాండ్ రిజిస్ట్రీ రుసుము వేరు. లీజ్‌హోల్డ్‌కి ఇంత, గిఫ్ట్ డబ్బుకి ఇంత, బ్యాంకు బదిలీకి ఇంత అని చివర్లో మరికొన్ని వచ్చి చేరతాయి. సొలిసిటర్ సంస్థలు ఈ ధరలు బయటపెట్టాలని 2018 డిసెంబర్ నుంచి నిబంధన ఉంది. నా ఫైలు ఎవరి చేతిలో ఉంటుంది, ఆ మనిషి సెలవు పెడితే ఎవరు చూస్తారు, బేరం తప్పిపోతే ఎంత కట్టాలి? వీటికి సూటిగా జవాబు చెప్పని చోట చౌకైనా వద్దు.

3. నాన్న పంపే డబ్బుకి కాగితాలు ముందే సిద్ధం చేయండి

డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో సొలిసిటర్ అడగాలన్నది చట్టం, దానికి నొచ్చుకోకండి. పొలం అమ్మిన డబ్బైతే సేల్ డీడ్, ఆ సొమ్ము నాన్న ఖాతాలో పడిన స్టేట్‌మెంట్, అక్కణ్ణుంచి మీ ఖాతాకి వచ్చిన రుజువు వరుసగా పెట్టండి. దస్తావేజు తెలుగులో ఉంటే ఇంగ్లిష్ అనువాదం చేయించండి. "తిరిగి ఇవ్వక్కర్లేదు, ఇంట్లో వాటా అడగను" అని నాన్న సంతకంతో గిఫ్ట్ లెటర్ కావాలి. సాధారణంగా మీ సొలిసిటరే బ్యాంకు తరఫున కూడా పనిచేస్తారు. కాబట్టి పైకి గిఫ్టని రాసి లోపల అప్పుగా మాట్లాడుకున్నది బయటపడితే లోనుకే ఎసరొస్తుంది.

4. "నాకు ఇంకెక్కడా ఇల్లు లేదు" అనే ముందు ఆలోచించండి

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ప్రపంచంలో ఎక్కడైనా మీ పేరిట ఇల్లుందా, ఎప్పుడైనా ఉండేదా అని అడుగుతారు. కూకట్‌పల్లిలో ఫ్లాట్ నాన్న కొన్నాడు, అద్దె అమ్మ తీసుకుంటోంది, కనక అది తనది కాదనుకుని మనవాడు "లేదు" అని టిక్ పెట్టేస్తాడు. దస్తావేజులో పేరు మాత్రం అతనిదే.

2025 ఏప్రిల్ నుంచి ఉన్న రేట్ల ప్రకారం ఇంగ్లండ్‌లో 4 లక్షల పౌండ్ల ఇంటికి, తొలిసారి కొనేవాళ్లు కట్టే స్టాంప్ డ్యూటీ 5,000 పౌండ్లు. ఆ రాయితీ లేకపోతే 10,000. మరో ఇల్లు ఉంటే 5 శాతం అదనంతో కలిపి 30,000. కూకట్‌పల్లి ఫ్లాట్‌లో మీ వాటా విలువ 40,000 పౌండ్లో అంతకు మించో అయితే ఈ చివరి లెక్కే పడొచ్చు. భార్యాభర్తల్లో ఒక్కరికి ఉన్నా ఇద్దరికీ చుట్టుకుంటుంది. వారసత్వంగా వచ్చిన వాటాకి నియమాలు వేరు, అదీ అడగండి. పన్ను రిటర్న్ సొలిసిటరే పంపినా అందులోని తప్పుకి జవాబుదారీ మీరే. కాబట్టి మొదటి రోజే ఉన్నదంతా చెప్పేయండి.

5. ఇల్లు చూడాల్సింది మీరే

సొలిసిటర్ ఆ వీధి మొహం కూడా చూడరు. ఎర్రగీత గీసిన టైటిల్ ప్లాన్ ఒకటి మీకు పంపుతారు. దాన్ని పట్టుకుని ఇంటి చుట్టూ నడవండి. గ్యారేజీ గీత లోపలే ఉందా? పక్కనున్న సందు ఎవరిది? వెనకగది తర్వాత కట్టినట్టుంటే దాని అనుమతి కాగితాలు అడగమనండి. ఆత్రపడి మీరే స్థానిక కౌన్సిల్‌కి ఫోన్ చేయకండి. సంగతి వాళ్ల చెవిన పడితే, ఆ లోటుకి తీసుకునే ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ దొరక్కపోవచ్చు. గోడల చెమ్మ, పైకప్పు సంగతి చూడాల్సింది సర్వేయర్.

6. ఫ్లాట్ అయితే లీజు ఎన్నేళ్లుందో చూడండి

ఇక్కడ ఫ్లాట్లు చాలావరకు లీజ్‌హోల్డే, అంటే లీజులో రాసిన ఏళ్ల వరకే మీకు హక్కు. 80 ఏళ్ల లోపు మిగిలితే లోనూ కష్టం, అమ్మకమూ కష్టం. గ్రౌండ్ రెంట్, సర్వీస్ ఛార్జి, రాబోయే పెద్ద రిపేర్ల వివరాలు అడగండి. ఎత్తయిన భవనమైతే బయటి గోడల క్లాడింగ్ గురించీ అడగండి. 2017లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదం తర్వాత బ్యాంకులు దాన్ని పట్టి చూస్తున్నాయి.

7. ముహూర్తం ఎక్స్ఛేంజ్ అయ్యాకే

రెండు వైపులా సంతకాలైన కాంట్రాక్టులు ఎక్స్ఛేంజ్ అయ్యేదాకా ఎవరూ ఎవరికీ కట్టుబడి లేరు. ఇంకొకరు ఎక్కువిస్తామంటే అమ్మేవాళ్లు అటు తిరగొచ్చు. ఎక్స్ఛేంజ్ రోజున సాధారణంగా 10 శాతం డిపాజిట్ కట్టి, కంప్లీషన్ తేదీ (మిగతా డబ్బు కట్టి తాళాలు తీసుకునే రోజు) రాసుకుంటారు. ఆ తర్వాత మీరు వెనక్కి తగ్గితే డిపాజిట్ పోతుంది. గృహప్రవేశానికి పంతులుగారు శ్రావణంలో మంచిరోజు చెప్పారని సొలిసిటర్‌ని రోజూ తొందరపెట్టినా లాభం లేదు. మీకు అమ్మేవాళ్లు ఇంకో ఇల్లు కొంటుంటారు, వాళ్లకి అమ్మేవాళ్లు మరోటి. ఆ చైన్‌లో ఎక్కడో ఒక కాగితం ఆగితే అందరూ ఆగాల్సిందే.

ఎక్స్ఛేంజ్ అయ్యాక, కంప్లీషన్‌కి ఓ వారం తర్వాత ముహూర్తం పెట్టించుకోండి. కంప్లీషన్‌కి శుక్రవారం వద్దు. వేళ దాటేలోగా డబ్బు చేరకపోతే సోమవారం దాకా సామాను వ్యానులోనే ఉంటుంది.

8. ఖాతా నంబర్ మారిందని ఈమెయిల్ వస్తే నమ్మకండి

డిపాజిట్ పంపే వేళకి సరిగ్గా ఇలాంటి దొంగ మెయిళ్లు వస్తాయి. మొదటి రోజు సొలిసిటర్ ఇచ్చిన ఉత్తరంలోని నంబర్‌కి మీరే ఫోన్ చేసి, ఖాతా నంబర్ ఒక్కో అంకె చదివించుకోండి.

9. తాళాలొచ్చినా ఫైలు మూయకండి

కంప్లీషన్ అయిన 14 రోజుల్లోగా స్టాంప్ డ్యూటీ రిటర్న్ వెళ్లాలి, పన్ను కట్టాలి. తర్వాత ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదు. ఇది నెలల తరబడి సాగినా, నడుమ నడుమ అడుగుతూ ఉండండి. సంస్థ సరిగా స్పందించకపోతే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 8 వారాల్లో తేలకపోతే లీగల్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

మన పేర్లతో ఇంకో చిక్కుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పొడి అక్షరంగా, లోను కాగితంలో పూర్తిగా ఉంటుంది. అన్నిచోట్లా ఒకే రూపం ఉండేలా మొదట్లోనే సరిచేయించండి. రిజిస్టర్ కాపీ చేతికొచ్చాక పేరు అక్షరం అక్షరం చూసుకోండి. చట్టం లెక్కలో ఇల్లు మీ పేరిట మారేది తాళాలిచ్చిన రోజున కాదు, ఆ నమోదుతోనే.