తెలియక తగిలిన దెబ్బ, తెలిసి దాచిన తప్పు

మానవుడు చేయు పనులలో తెలిసి చేసినవి కొన్ని, తెలియక జరిగినవి కొన్ని. తెలియక జరిగినదానిని లోకము క్షమించును. తెలిసి చేసినదానికి లెక్క అడుగును. ఈ రెండింటి నడుమనున్న గీటు ఎచ్చట పడునో గుర్తించుట సదాచారమునకు మొదటి మెట్టు. నిత్యజీవితములో ఆ గీటును స్పష్టముగా చూపు సంఘటన యొకటి కలదు. నిలిపియున్న పరుల కారునకు ఒకరి వాహనము తగులుట అట్టిది. పెండ్లి మండపముల యొద్ద, ఆసుపత్రుల ఆవరణలలో, జాతర దినములలో మఠముల ముంగిట, ఇరుకు వీధులలో ఇది తరచుగా జరుగుచున్నది. ప్రాణహాని యుండదు. చూచినవారు సాధారణముగా ఉండరు. కావుననే ఇది చిన్న సంఘటన యైనను శీలమునకు పెద్ద పరీక్ష.

దెబ్బ తగిలిన తరువాత

ఒక గృహస్థుడు కుటుంబముతో పెండ్లికి వచ్చి, భోజనానంతరము తిరుగు ప్రయాణమునకై కారును వెనుకకు తీయుచున్నాడనుకొనుడు. ప్రక్కన నిలిపియున్న మరియొక కారు తలుపునకు బంపరు కొన తగిలినది. దిగి చూడగా తలుపు రేకు బెత్తెడు మేర లోనికి నొక్కుకొనిపోయి, రంగు లేచిపోయినది. ఆ కారు ఎవరిదో తెలియదు. లోపల వందలమంది యున్నారు. కావలివాడు దూరముగా గేటు వద్ద నున్నాడు. వెనుక సీటులోని పదేండ్ల కుమారుడు మాత్రము తండ్రి ముఖమునే చూచుచున్నాడు.

ఇంతవరకు జరిగినదానిలో అజాగ్రత్త యుండవచ్చునే గాని దురుద్దేశము లేదు. చట్టము సైతము ఈ భేదమును పాటించుచున్నది. భారతీయ శిక్షాస్మృతి స్థానమున 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, పరుల ఆస్తిని పాడుచేయుట నేరమగుటకు నష్టము కలిగించవలెనను తలంపు గాని, నష్టము కలుగునను ఎరుక గాని ఉండవలెను. అనుకోకుండ తగిలిన దెబ్బ ఆ నేరము క్రిందికి రాదు.

అయితే దిగి చూచిన పిదప ఆ గృహస్థుడు చేయునది యేదియు తెలియక చేసినది కాజాలదు. నిలిచినను తెలిసియే నిలుచును, పోయినను తెలిసియే పోవును. దెబ్బ తగులుట ప్రమాదము. చెప్పక వెళ్లిపోవుట నిర్ణయము. కనుక అతని బాధ్యత యొక్క అసలు లెక్క అప్పటినుండియే మొదలగును.

మనస్సు వెదకు సాకులు

అట్టి వేళ మనస్సు ఊరకుండదు. ఒకదాని వెంట ఒకటిగా సాకులను తెచ్చి ముందు పెట్టును. వానిని ఒక్కొక్కటిగా పరిశీలింపవలెను.

"చిన్న సొట్టయే కదా" అనునది మొదటి సాకు. పైకి కనబడు సొట్టను బట్టి నష్టమును కొలుచుట సాధ్యము కాదు. నేటి కార్ల బంపర్లు ప్లాస్టిక్కువి. దెబ్బ తగిలినను పైతొడుగు తిరిగి యథాస్థానమునకు రావచ్చును. లోపలి పట్టీలు విరిగియుండవచ్చును. రేకు వరకు రంగు లేచిన చోట వానకాలములో తుప్పు పట్టును. టింకరింగు, పెయింటింగు చేయువాడు విప్పి చూచినగాని ఖర్చు తేలదు.

"కారున్నవాడు కలవాడే, భరించుకొనును" అనునది రెండవది. కారు నెలవారీ వాయిదాలతో కొన్నదై యుండవచ్చును. అది టాక్సీ యైన యెడల, మరమ్మతు షెడ్డులో నిలిచిన ప్రతి దినము ఒక కుటుంబము యొక్క కూలి పోయినట్లే. పరుల శక్తిని ఊహించి వారి నెత్తిన భారము పెట్టు అధికారము ఎవరికిని లేదు.

"వారికి ఇన్సూరెన్సు ఉన్నది కదా" అనునది మూడవది. ఎక్కువమంది నమ్మునది ఇదియే. కాని దెబ్బ కొట్టినవాడెవడో తెలియనప్పుడు కారు యజమాని తన పాలసీ మీదనే పరిహారము కోరవలసి వచ్చును. అందులో మొదటి భాగమును అతడే భరించవలెను. ఇంజను 1500 సి.సి. లోపు కారునకు అది 1000 రూపాయలు, అంతకు మించినదానికి 2000 రూపాయలు. అంతటితో తీరదు. పరిహారము కోరని యజమానికి పాలసీ పునరుద్ధరణలో తగ్గింపు లభించును. ఒక సంవత్సరము గడచిన 20 శాతముతో మొదలై, వరుసగా ఐదు సంవత్సరములు గడచినచో అది 50 శాతము వరకు చేరును. ఒక్కసారి పరిహారము కోరగానే సాధారణముగా ఆ తగ్గింపు పోవును. ఇన్ని యేండ్లు జాగ్రత్తగా నడిపినవాడు తాను చేయని తప్పునకు ఫలము కోల్పోవును. చెప్పక పోయినవాని మౌనము నష్టమును మాయము చేయదు. నిరపరాధి ఇంటికి దానిని పంపును.

"అడ్డముగా నిలిపినది అతడే" అనునది నాలుగవది. అది నిజము కావచ్చును. ఆ మాటను ఎదుట నిలిచి చెప్పవలెను. ఎదుటివాడు లేనప్పుడు తానే వాది, తానే న్యాయాధిపతి యై తీర్పు చెప్పుకొనుట న్యాయము కాదు. "నా కారునకు గీత పెట్టినవాడు నాకు చెప్పెనా" అను కడపటి సాకు మరింత బలహీనమైనది. ఒకడు చేసిన అన్యాయమునకు వేరొకడు మూల్యము చెల్లించుట ఏ ధర్మమునను లేదు.

చట్టము చెప్పునది

1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 134వ సెక్షను మనుష్యులకు గాయమైనప్పుడు మాత్రమే వర్తించునని పలువురి అభిప్రాయము. అది సరికాదు. ప్రమాదములో పరుల ఆస్తికి నష్టము కలిగినను వాహనము నడిపినవానికి విధులు కలవు. పోలీసు అధికారి అచ్చట లేనియెడల, సాధ్యమైనంత త్వరగా, ఎట్లైనను 24 గంటలలోపల సమీప పోలీసు స్టేషనులో జరిగినది తెలుపవలెను. తన ఇన్సూరెన్సు కంపెనీకి వ్రాతపూర్వకముగా తెలియజేయవలెను. ఈ విధులను పాటింపనివారికి 187వ సెక్షను శిక్షను విధించుచున్నది. 2019 సవరణ తరువాత అది ఆరు నెలల వరకు ఖైదు, లేక 5000 రూపాయల జరిమానా, లేక రెండును.

వాహనమునకు మూడవ పక్షపు ఇన్సూరెన్సు ఉండి తీరవలెనని అదే చట్టము చెప్పుచున్నది. పరులకు కలిగిన నష్టమును తీర్చుటకే అది యేర్పడినది. సర్వము తన చేతినుండియే పోవునను భయముతో పారిపోవువాడు, తాను ఏటేట రుసుము కట్టినది దీనికొరకేనని మరచుచున్నాడు. చిన్న నష్టములలో ఇరువురును మాటలాడుకొని మరమ్మతు ఖర్చు ఇచ్చి పుచ్చుకొనుట సులభమైన మార్గము. పెద్ద నష్టమునకు మోటారు ప్రమాద పరిహారపు ట్రిబ్యునలు కలదు.

అయినను నిర్జనమైన ఆవరణలో చట్టమునకు కన్నులు లేవు. చట్టపు భయము మాత్రమే కలవాడు చుట్టును చూచి వెళ్లిపోవును. ఇష్టలింగమును దేహమున ధరించినవానికి సాక్షి లేని స్థలము లేదు.

చేయవలసిన పని

మొదట వాహనమును ఆపి దిగవలెను. రెండు వాహనములను ఉన్నవి ఉన్నట్లు ఫోటో తీయవలెను. కావలివానికి చెప్పవలెను. మండపములో మైకు ఉన్నయెడల కారు నంబరు చెప్పించి యజమానిని పిలిపించవలెను. కొంతసేపు వేచియుండవలెను. అప్పటికిని యజమాని దొరకనియెడల ఒక చీటీ వ్రాయవలెను. తన పేరు, ఫోను నంబరు, వాహనపు నంబరు, తేదీ, వేళ, జరిగిన సంగతి అందులో స్పష్టముగా ఉండవలెను. దానిని ప్లాస్టిక్ కవరులో పెట్టి వైపరు క్రింద ఉంచి, అటువంటిదే మరియొకటి కావలివాని చేతికి ఇయ్యవలెను. పిదప చట్టము చెప్పిన విధులను నెరవేర్చవలెను.

క్షమింపుడని మాత్రము వ్రాసి పేరును, నంబరును వ్రాయని చీటీ దాపరికమే. ఒక నోటును అద్దము వద్ద ఉంచి పోవుటయు అట్టిదే. నష్టమునకు వెల కట్టువాడు నష్టము చేసినవాడొక్కడే కారాదు. బసవేశ్వరుడు కళ్యాణమున బిజ్జలుని భండారమును నిర్వహించెను. భండారపు ధనము జంగములకు పోవుచున్నదని అభియోగము వచ్చినప్పుడు ఆయన లెక్క చూపి నిలిచిన కథను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పియున్నాడు. అడుగువానికి దొరకునట్లు నిలుచుట బాధ్యతకు లక్షణము. చీటీపై వ్రాసిన నంబరు చేయునది ఆ పనియే.

జీతపు డ్రైవరు నడిపినప్పుడు

వాహనము నడిపినది జీతపు డ్రైవరైనను, ఆ పనిలో కలిగిన నష్టమునకు యజమాని సైతము బాధ్యుడని న్యాయస్థానములు స్థిరపరచినవి. అట్లుండగా ఖర్చంతయు డ్రైవరు జీతములో కోయు యజమానులు కలరు. ఒకసారి కోసినచో ఆ డ్రైవరు మరియొకసారి నిజము చెప్పడు. గీతను బురదతో కప్పి ఇల్లు చేరును. కాయకమున ఎక్కువ తక్కువలు లేవని బోధించు సమాజములో, తన ఇంట కాయకము చేయువానికి సత్యము చెప్పు ధైర్యమును ఇచ్చుట యజమాని ధర్మము. తండ్రి కారు తీసికొనిపోయిన కుమారుని విషయమునను ఇంతే. తిట్లకు వెరచి దాచినవాడు తరువాత అలవాటుగా దాచును.

నష్టపోయినవాని ధర్మము

సత్యము చెప్పువానికి విధి యున్నట్లే వినువానికిని విధి కలదు. గాయపడినవారికి వైద్యము చేయించవలెనని చెప్పు పైచట్టపు నిబంధనలోనే, గుంపు ఆగ్రహము వలన అది వీలుకానప్పుడు మినహాయింపు ఉన్నది. నిలిచినవానిని గుంపు కొట్టునను సంగతిని శాసనకర్తలే గుర్తింపవలసి వచ్చినది. ఇది సమాజము తలవంచుకొనవలసిన విషయము. పెద్ద కారునకు తగిలిన ఆటో డ్రైవరు పారిపోవుట కొన్నిసార్లు దుర్బుద్ధితో కాదు, దెబ్బల భయముతో. తనను వెదకి వచ్చి నిజము చెప్పినవానిపై చేయెత్తినవాడు, తరువాతి వాహనదారుడు పారిపోవుటకు తానును కారకుడగుచున్నాడు. మొదట అతని మాట వినవలెను. పిదప ఖర్చును గూర్చి న్యాయముగా మాటలాడవలెను.

మరియొక ప్రలోభము షెడ్డులో ఎదురగును. "ఎట్లును వారే ఇచ్చుచున్నారు, పాత సొట్టలు కూడ తీయించుకొనుడు" అని సలహా చెప్పువారుందురు. కళ్యాణమున రాలిన బియ్యము ఏరుకొను కాయకము చేసిన ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినప్పుడు, అతని భార్య లక్కమ్మ ఆ మిగులును తిరిగి ఇచ్చి రమ్మనెను. అవి ఎవరును కోరని బియ్యము. ఆ దంపతులు పేదలు. అయినను తమది కానిదానిని ఇంట ఉంచుకొనలేదు. తగిలిన సొట్టకు మించి ఒక్క రూపాయి పుచ్చుకొనుటయు ఆ మిగులు బియ్యము వంటిదే. ఇన్సూరెన్సు కంపెనీకి జరిగిన తీరును మార్చి చెప్పుటయు అంతే.

ఈ విధముగా చూడగా నష్టము చేసినవాడు, వాహన యజమాని, నష్టపోయినవాడు ముగ్గురును ఒకే సత్యమును మూడు వైపుల నుండి మోయుచున్నారు. ఒకరు వదలినచో తక్కిన ఇరువురిపై భారము పడును. మరమ్మతు ఖర్చు కొన్ని దినములలో తీరును. పిల్లలు చూచినది మాత్రము వారితో కూడ పెరుగును.

కుటుంబములలో చర్చింపదగిన ప్రశ్నలు

1. ప్రమాదమునకును దాపరికమునకును భేదమేమి? ఆ భేదము ఏ క్షణమున మొదలగును?

2. చెప్పక వెళ్లిపోయినచో నష్టపోయినవాడు సొట్టతో పాటు మరి యేమేమి కోల్పోవును?

3. ఇంటి డ్రైవరు గాని, పిల్లలు గాని భయము లేక నిజము చెప్పవలెనన్న ఇంటి పెద్దలు ఎట్లు నడువవలెను?

4. లక్కమ్మ తిరిగి పంపిన బియ్యము వంటిది నేడు ఇంటింట ఏయే రూపములలో కనబడుచున్నది?