పెళ్లి ఫొటోల డిస్కు ఇరవై ఏళ్లకూ తెరుచుకోవాలంటే

పన్నెండేళ్ల కిందట మేం పెళ్లి తీసిన అమ్మాయి మొన్న స్టూడియోకి వచ్చింది. "నాన్న పోయారండీ, మా పెళ్లిలో ఆయన ఫొటోలు ఉంటాయా?" అంది. బీరువాలో డీవీడీ ఉంది. గీత ఒక్కటి లేదు. డ్రైవ్‌లో పెడితే మూడోవంతు ఫైళ్లు వచ్చి ఆగిపోయింది. వచ్చినవాటిలో ఆయన లేరు.

మనం కొట్టే సీడీ-ఆర్, డీవీడీ-ఆర్‌లలో ఫొటో నిలిచేది సన్నటి రంగు పొర మీద. వెలుతురు, వేడి, తేమ తగిలేకొద్దీ ఆ రంగు చెడిపోతుంది. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్.ఐ.ఎస్.టి. 2003లో ఇచ్చిన సూచనల ప్రకారం డిస్కులకు 4 నుంచి 20 డిగ్రీల చల్లదనం, 20 నుంచి 50 శాతం తేమ ఉండాలి. మే నెలలో బెజవాడ షాపు అటక మీద ఆ లెక్క ఎక్కడ కుదురుతుంది?

అందుకే డిస్కు కొనేటప్పుడే చూసుకోవాలి. ఎం-డిస్క్‌లోనూ మామూలు బీడీ-ఆర్‌లోనూ ఈ రంగు ఉండదు, వేడిని ఎక్కువ తట్టుకునే పదార్థం ఉంటుంది. బ్లూ-రే మీద ఎల్‌టీహెచ్ అని ఉంటే మాత్రం అది రంగు పొరదే, వద్దు. ఆర్‌డబ్ల్యూ డిస్కులూ వద్దు. ఎం-డిస్క్ వెయ్యేళ్లు నిలుస్తుందన్నది తయారీదారు మాట. దాన్ని నమ్ముకుని ఒక్క కాపీతో ఊరుకోకండి. రెండు డిస్కులు, ఒక హార్డ్ డిస్క్ పెట్టుకుని, వాటిలో ఒకటి షాపులో కాకుండా ఇంట్లో ఉంచండి.

డిస్కు రాశాక వెరిఫై చేయకుండా కార్డు ఫార్మాట్ చేయొద్దు. కుర్రాళ్లు హడావిడిలో వదిలేసేది ఇదే. ప్రతి ఫోల్డర్‌కీ చెక్‌సమ్ ఫైలు తీసి అదే డిస్కులో పెడితే, ఏళ్ల తరవాత ఏ ఫొటో చెడిందో అది చెబుతుంది. స్టిక్కర్ అంటించొద్దు, బాల్‌పెన్నుతో రాయొద్దు. మధ్య రంధ్రం చుట్టూ ఉండే తేటవలయం మీద నీటి ఇంకు మార్కర్‌తో రాయండి. పెట్టెలో నిలువుగా, చీకట్లో ఉంచండి.

డిస్కు బాగున్నా చదివే యంత్రం కరువవుతోంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో డ్రైవే లేదు. రాసుకునే బ్లూ-రే డిస్కుల తయారీని పానసోనిక్ 2023లో, సోనీ 2025లో ఆపేశాయి. ఒక యూఎస్‌బీ డ్రైవ్ అదనంగా కొనిపెట్టుకోండి. రెండేళ్లకోసారి డిస్కులన్నీ చదివించి, మొరాయించినదాన్ని ఆ రోజే కొత్తదానిలోకి దించండి. ఈ పనికి ఖర్చవుతుంది కాబట్టి ఎన్నేళ్లు దాస్తారో, ఎంత తీసుకుంటారో బిల్లు మీదే రాయండి. పార్టీ ఏమనుకుంటుందోనని మొహమాటపడొద్దు.

ఒక డ్రైవ్ చదవని డిస్కును మరొకటి చదవొచ్చు, వెంటనే పారేయకండి. ఆ అమ్మాయి డీవీడీని మూలనున్న పాత డెస్క్‌టాప్‌లో పెట్టి రాత్రంతా ఉంచాను. ఇంకో అరవై ఫొటోలు వచ్చాయి. ఒకదాంట్లో ఆయన అల్లుడి కాళ్లు కడుగుతున్నారు.