ఎర్రజొన్న విత్తనం: బేరానికి ముందు మొలకను చూడాలి

నిజామాబాద్ జిల్లా ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాల ఎర్రజొన్న తిండిగింజల సరుకు కాదు. పంజాబు, హర్యానా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో పశుగ్రాసం కోసం విత్తుకునే విత్తనం. కనుక బస్తాకు ధర తెచ్చేది బరువొక్కటే కాదు, మొలక శాతం కూడా. ధ్రువీకరించిన జొన్న విత్తనానికి మొలక 75 శాతానికి తగ్గరాదు, తేమ 12 శాతానికి మించరాదు. మొలక తప్పిన సరుకు దాణా కిందనే పోతుంది.

ఈ పంటను సెప్టెంబరు, అక్టోబరులలో విత్తి ఫిబ్రవరి, మార్చిలలో కోస్తారు. వర్తకుల చూపు సాధారణంగా కంకి మీదనే ఉంటుంది. అసలు చూడవలసినది మొదటి నెల.

మొవ్వు ఈగ బెడద

మొలిచిన వారం నుండి నాలుగు వారాల వరకు మొవ్వు తొలుచు ఈగ బెడద ఉంటుంది. ఇది ఆకు అడుగున తెల్లని గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు మొవ్వులోకి దిగి పెరిగే మొనను కొరుకుతుంది. మొవ్వు ఎండుతుంది, లాగితే ఊడివచ్చి కుళ్ళు వాసన వేస్తుంది.

చెరకులో పీకపురుగును ఎరిగిన బోధన్ వారికి ఈ గుర్తు కొత్త కాదు. అయితే చెరకులో పక్క పిలకలు లోటును కొంత పూడుస్తాయి. జొన్నలో పిలకలు ఆలస్యంగా కంకి వేస్తాయి. పండిన కంకులు, పచ్చి కంకులు ఒకేసారి కోతకు వస్తాయి. అట్టి సరుకు కాటాకు తూగినా మొలకకు తూగదు.

నివారణ

చుట్టుపక్కల చేలన్నీ అదనులో ఒకేసారి విత్తడం మొదటి జాగ్రత్త. ఆలస్యమైన చేలకే ఈగ ఎక్కువ. కిలో విత్తనానికి 3 గ్రాముల థయోమిథాక్సామ్ పట్టించాలి. విత్తనం కొంత ఎక్కువ వేసి, ఒత్తు మొక్కలు తీసేటప్పుడు మొవ్వు చచ్చినవాటిని పీకి నాశనం చేయాలి.

వర్తకులకు సూచన

ఒప్పందపు ధర మీద కొనేవారు మూడవ, నాలుగవ వారాలలో చేను చూడటం మంచిది. నాలుగైదు చోట్ల నూరేసి మొక్కలు లెక్కించి, మొవ్వు చచ్చినవి నూటికి 10 మించితే రాబడి అంచనాను తగ్గించుకోవాలి. కోత తర్వాత నాణ్యం పేరిట ధర తగ్గించబోతే తగవు తప్పదు.

2008లో ఆర్మూరులో ఎర్రజొన్న బకాయిల కోసం రైతుల ఆందోళన పోలీసు కాల్పులకు దారితీసింది. అక్కడ చిక్కు పురుగుది కాదు, చెల్లింపుది. అయినా పాఠం ఒక్కటే: ధర, మొలక శాతం, చెల్లింపు గడువు, ఈ మూడూ విత్తే నాటికే కాగితం మీద ఉండాలి.