మోడ్‌ఫ్లో ఒక్కటే వస్తే చాలదు

భూగర్భ జలాల మోడలింగ్‌లోకి రావాలనుకునే విద్యార్థులు ముందుగా అడిగేది ‘ఏ సాఫ్ట్‌వేర్‌ నేర్చుకోవాలి?’ అని. జవాబు తేలికే. అమెరికా భూవిజ్ఞాన సర్వే సంస్థ 1984లో తెచ్చిన మోడ్‌ఫ్లోనే ఇప్పటికీ ఎక్కువగా వాడుకలో ఉంది. అదీ, మౌస్‌తో మోడల్‌ గీసుకునే మోడల్‌మ్యూజ్‌, పైథాన్‌తో నడిపించే ఫ్లోపై అన్నీ ఉచితమే. వేలకు వేలు పోసి కోర్సులు కొనక్కర్లేదు.

అసలు పరీక్ష ఆ తర్వాతే. మోడల్‌ నేలను గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలోకి వచ్చే నీరు, పోయే నీరు లెక్కగట్టి నీటిమట్టం చెబుతుంది. పరిశీలక బావుల్లో కొలిచిన మట్టంతో అది సరిపోయేదాకా అంకెలు సవరించడమే కాలిబ్రేషన్‌. చిక్కంతా ఇక్కడే. బోర్లు లేని సాదా స్థిరస్థితి మోడల్లో ఇంకే వాననీటినీ, పొరల పారగమ్యతనూ రెండింటినీ రెట్టింపు చేసి చూడండి. మట్టాలు కదలవు! తెర మీద అంతా సరిపోయినట్టే ఉంటుంది, నీటి లెక్క మాత్రం తలకిందులు. ఏది నిజమో తేలాలంటే పంపింగ్‌ టెస్ట్‌ కావాలి, బోర్లు తోడేదెంతో తెలియాలి. మీటర్లు లేని వ్యవసాయ కనెక్షన్లున్న ఊళ్లో ఆ అంకె ఎక్కడా రాసి ఉండదు. బోర్లు లెక్కపెట్టి, మోటారు నడిచే గంటలు రైతును అడిగి, డ్రమ్ము నిండే సమయం చూసి మీరే కట్టుకోవాలి.

తెలంగాణ, రాయలసీమల్లో చాలాభాగం గ్రానైట్‌ నేల. నీరుండేది పైనున్న శిథిల పొరలో, కింది పగుళ్లలో. పక్కపక్క బోర్లలో ఒకటి పోస్తుంది, ఒకటి దుమ్ము లేపుతుంది. ఇసుక నేలల పాఠాలు ఇక్కడ నేరుగా అతకవు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి మహేశ్వరంలో దీన్నే ఏళ్ల తరబడి అధ్యయనం చేసింది. ఆ పరిశోధనా పత్రాలు చదవండి. కోస్తాలో ఉప్పునీరు చొరబడే చోట సాంద్రత తేడాలనూ లెక్కించే సీవాట్‌ లాంటివి కావాలి.

చదువు విషయానికొస్తే ఎమ్మెస్సీ జియాలజీ రాజమార్గం. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో ఉంది. యూపీఎస్సీ కంబైన్డ్‌ జియో సైంటిస్ట్‌ పరీక్షతో కేంద్ర భూగర్భ జల మండలిలో హైడ్రోజియాలజిస్టు కావచ్చు. సివిల్‌ బీటెక్‌ వాళ్లకు ఆ దారి లేదు. వాళ్లు హైడ్రాలజీలో ఎంటెక్‌ చేసి (రూర్కీ ఐఐటీలో ప్రత్యేక విభాగమే ఉంది) కన్సల్టెన్సీల వైపు, గనుల్లో ఊరే నీటి అంచనాల వైపు వెళ్లవచ్చు.

ఈ వేసవిలోనే మీ ఊరి చెరువు కింది బోర్లతో ఓ చిన్న మోడల్‌ కట్టి రెజ్యూమెకు జతచేయండి. ఎంపిక నా చేతుల్లో ఉంటే సర్టిఫికెట్ల కన్నా ముందు దాన్నే చూస్తాను.