పంపు ఆగినా మీటరు ప్రవాహం చూపిస్తుంటే

ప్రశ్న: పంపు ఆపాక కూడా మా విద్యుదయస్కాంత ఫ్లో మీటరు ప్రవాహం చూపిస్తోంది. సెన్సార్ మార్చాలా?

జవాబు: తొందరపడకండి. ఫారడే సూత్రంతో నడిచే ఈ మీటరులో ఎలక్ట్రోడ్ల మధ్య పుట్టే సంకేతం కొద్ది మిల్లీవోల్టులే. పైపు సగం ఖాళీ అయినా, ఎర్తింగ్ వదులైనా అంకెలు గంతులేస్తాయి. ముందు పైపు నిండుగా ఉంచి, రెండు వైపులా వాల్వులు మూసి చూడండి. రీడింగ్ సున్నాకొస్తే తప్పు సెన్సార్‌ది కాదు: పంపు ఆగాక పైపు ఖాళీ అవుతోంది, లేదా చెక్ వాల్వు కారి నీరు నిజంగానే వెనక్కి పోతోంది. సున్నా సెట్ చేస్తే పోదా అంటారేమో. ఖాళీ పైపు మీద అలా చేస్తే లోపం దాక్కుని ప్రతి లెక్కలోనూ చేరుతుంది. నిండు పైపులోనూ అంకె కదిలితే ఎర్తింగ్ సరిచూసి, కరెంటు తీసి, కాయిల్ నిరోధాన్ని తయారీదారు విలువతో పోల్చండి. ఎలక్ట్రోడ్ల మీద పొర పేరుకుంటే శుభ్రం చేస్తే చాలు. కాయిల్ తెగినా, లోపలికి తడి చేరినా అప్పుడు మార్చండి.